మా టీమా, మన టీమా?

బెళ్ళందూరు పేరు చెప్పగానే ఎవరికైనా ముందు నురగ చెరువే గుర్తొస్తుంది. బెంగుళూరులోని పెద్ద చెరువుల్లో అదొకటి. ఊరి మురుగులో పెద్ద భాగం వచ్చి అందులో పడుతుంటే, వాన పడినప్పుడల్లా తెల్లటి నురగ గట్టు దాటి రోడ్డు మీదికి వచ్చేది. 2015 మే నెలలో ఆ నురగకు నిప్పంటుకుంది. చెరువు మండుతున్న బొమ్మలు టీవీలో చూసి గుంటూరు నుంచి మా అత్తగారు ఫోను చేశారు. "నీళ్ళు తగలబడటమేమిటే అమ్మాయ్! ఆ ఊళ్ళో మనుషులెట్లా ఉంటారు?" అని ఒకటే కంగారు. "ఉంటున్నాం కదత్తయ్యా" అన్నాను. ఇంకేమనను?

మేము 2007లో వచ్చాం ఇక్కడికి. మావారిది రింగురోడ్డు మీద కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. మా అపార్ట్‌మెంటులో నూటఇరవై ఇళ్ళుంటే, బెంగుళూరులో పుట్టినవాళ్ళ ఇళ్ళు పది కూడా ఉండవు. ఒరియా వాళ్ళు, బెంగాలీలు, మళయాళీలు, తమిళులు, మనవాళ్ళు. తమాషా ఏమిటంటే, ఇక్కడి పాతకాపులైన రెడ్ల ఇళ్ళలో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు. పాలు పోసే ఇంటి పెద్దావిడ "యాడికి పోతావుండారు?" అని పలకరిస్తే మొదట్లో ప్రాణం లేచొచ్చేది. కానీ ఆవిడకు ఇది సొంత ఊరు, మనకు కాదు. మాట ఒకటే అయినా ఆ తేడా తేడాయే.

ఆదివారాలు మా క్లబ్‌హౌసులో పదిమంది పిల్లలను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు చెబుతుంటాను. గుణింతాలు, వత్తులు ఎట్లాగో వచ్చేస్తాయి. వాళ్ళకు కొరుకుడు పడనిది "మా", "మన". ఎదుటివాళ్ళను కలుపుకుంటే "మన", వదిలేస్తే "మా" అని ఎన్నిసార్లు చెప్పినా, "ఆంటీ, మన అమ్మ రమ్మంటోంది" అంటుంది ఒక పిల్ల. వాళ్ళ తప్పు కాదు. బళ్ళో నేర్చుకునే కన్నడంలో రెండిటికీ "నమ్మ" ఒకటే. ఇంగ్లీషులోనూ అంతే, హిందీలోనూ దాదాపు అంతే. ఇంత చిన్న తేడా కోసం ఆంటీ ఎందుకింత ప్రాణం తీస్తోందా అని వాళ్ళకు అనిపించి ఉంటుంది. అసలు ఈ వ్యాసం ఆ తేడా గురించే. ఫుట్‌బాలు గురించి కూడా అనుకోండి.

2013లో బెంగుళూరుకు కొత్తగా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చింది, బెంగళూరు ఎఫ్.సి. అని. ఇంగ్లీషులో ఊరి పేరు సర్కారు వారు మార్చింది 2014 నవంబరు 1న. అంతకు ఏడాది ముందే ఈ క్లబ్బు ఆ పేరు పెట్టేసుకుంది. పుట్టిన మొదటి సీజనులోనే ఐ-లీగు గెలిచి కూర్చుంది. మా అబ్బాయి అప్పటికి నాలుగో క్లాసు. వాడి స్నేహితుల్లో సగంమంది క్రికెట్ బ్యాట్లు మూల పడేసి నీలం చొక్కాలు కొనిపించుకున్నారు. మావాడు కూడా. ఆ చొక్కా ఉతకడానికి ఇమ్మంటే ఇచ్చేవాడు కాదు.

2015 చలికాలంలో మా అత్తగారు పోయారు. ఆ సంక్రాంతి వెళ్ళాక, 2016లో, మామయ్యగారిని మేము గుంటూరు నుంచి తీసుకొచ్చాం. ఆయనకప్పుడు డెబ్భైతొమ్మిది. వచ్చారన్న మాటేగాని పెట్టె విప్పలేదు. రోజూ పొద్దున్న పెట్టె తెరిచి పంచె, చొక్కా తీసుకుని మళ్ళీ మూసేవారు. "బీరువాలో సర్దుతానండీ" అంటే "ఎందుకమ్మా, వెళ్ళేవాణ్ణే కదా" అనేవారు. నెలకోసారి మావారి దగ్గర రైలు టిక్కెట్టు ప్రస్తావన. మావారు "చూద్దాం నాన్నా" అనేవారు. గుంటూరులో ఇల్లు తాళం వేసి ఉంది. అక్కడ ఆయనకు వండిపెట్టే దిక్కు లేదు. ఇక్కడ ఆయనతో మాట్లాడే దిక్కు లేదు. ఇద్దరిదీ నిజమే కాబట్టి మాట ముందుకు సాగేది కాదు. నేను ఇద్దరికీ కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేసేదాన్ని.

ఆయనను మొదట కదిపింది మనవడే. ఒకరోజు వాడు టీవీ ముందు కూర్చుని, మన దేశపు కెప్టెన్ సునీల్ ఛేత్రి గురించి చెబుతూ, "తాతయ్యా, ఈయన పుట్టింది సికింద్రాబాదులో తెలుసా?" అన్నాడు. అది నిజమే. వాళ్ళ నాన్నగారు సైన్యంలో పనిచేసేవారు. 1984 ఆగస్టు 3న సికింద్రాబాదులో పుట్టాడు. మామయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, "సికింద్రాబాదా? మరి చెప్పవేంరా?" అన్నారు.

అప్పుడు బయటపడింది. ఆయన 1957లో సికింద్రాబాదు రైల్వేలో గుమాస్తాగా చేరారట. బ్రహ్మచారి గది, హోటలు భోజనం. సాయంత్రం ఆఫీసు వదలగానే ఫుట్‌బాలు చూడ్డానికి పోవడమే పని. ఈ సంగతి మా పెళ్ళయిన పదిహేనేళ్ళలో నాకు తెలియదు, మావారికీ తెలియదు! ఇక ఆయన మొదలుపెట్టారు. హైదరాబాద్ సిటీ పోలీసు టీము 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిందని, వాళ్ళను తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు మొదట బడిపంతులని, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనదేశం నాలుగో స్థానంలో నిలవడానికి ఆ టీములోని హైదరాబాదు కుర్రాళ్ళు ఎంత కారణమోనని. మావాడు నోరు తెరుచుకుని విన్నాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియాడ్ బంగారు పతకం తెచ్చింది కూడా రహీం గారి టీమే. ఆ మరుసటి ఏడే క్యాన్సరుతో పోయారాయన. ఇవన్నీ ఈ మధ్య సినిమా వచ్చాక జనానికి తెలిశాయిగాని, 2016లో మా ఇంట్లో ఈ కబుర్లు కొత్త.

ఎక్కువ చెప్పింది మాత్రం బలరాం గురించి. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు. ఇంట్లో భాష తమిళం. పేదరికం. ఆట కోసం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాలులో చేరి, అక్కడే పేరు తెచ్చుకుని, అక్కడే ఉండిపోయాడు. "మళ్ళీ ఇటు రాలేదురా. బెంగాలులోనే ఇల్లు" అన్నారు మామయ్యగారు. మావాడు అడిగాడు, "మరి ఆయన ఎవరివాడు తాతయ్యా? తమిళా, తెలుగా, బెంగాలీయా?" మామయ్యగారు కాసేపాగి, "బంతి దగ్గరుంటే ఎవరడుగుతార్రా!" అన్నారు. (బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే కన్నుమూశారు.)

ఇక ఆ ఏడాది సంగతి. ఆసియా ఖండంలోని క్లబ్బులకు ఏ.ఎఫ్.సి. కప్పు అని ఒక పోటీ ఉండేది. దక్షిణ అమెరికాలో 1960 నుంచి జరుగుతున్న కోపా లిబెర్టడోరెస్ లాంటిదే ఇదీ, కాకపోతే మనది రెండో మెట్టు పోటీ అని మావాడు విడమర్చి చెప్పాడు. ఒక ఆట మన మైదానంలో, ఒక ఆట వాళ్ళ మైదానంలో. ఏడాది పొడుగునా సాగుతుంది. 2016లో బెంగళూరు వాళ్ళ గ్రూపులో మలేసియా నుంచి జొహోర్, మయన్మార్ నుంచి అయెయవాడి, లావోస్ నుంచి లావో టొయోటా. జొహోర్ అంటే అక్కడి యువరాజుగారి క్లబ్బు. అంతకు ముందేడు ఈ కప్పు గెలిచినవాళ్ళు. వాళ్ళ చేతిలో బెంగళూరు ఇంటా బయటా ఓడింది. లావోస్ వెళ్ళి కూడా ఓడొచ్చింది. ఎట్లాగో రెండో స్థానంతో గట్టెక్కింది.

"మీ టీము గెలిచేట్టు లేదురా" అనేవారు మామయ్యగారు. మీ టీము! మావాడికి ఒళ్ళు మండేది. "మన టీము తాతయ్యా" అనేవాడు. "మనదెట్లా అవుతుంది? మనది గుంటూరు" అనేవారాయన. నేను వంటింట్లోంచి వింటూ, నా ఆదివారం పాఠం ఇంట్లోనే జరుగుతోందనుకునేదాన్ని.

మే నెలలో హాంకాంగ్ వెళ్ళి కిచీ అనే క్లబ్బును 3-2తో ఓడించారు. దాంతో క్వార్టర్ ఫైనలు. ఆ తర్వాత మూడు నెలల విరామం. ఈలోగా మూడేళ్ళుగా ఉన్న ఇంగ్లీషు కోచి యాష్లీ వెస్ట్‌వుడ్ వెళ్ళిపోయి, ఆల్బర్ట్ రోకా అనే స్పెయిన్ దేశపాయన వచ్చాడు. ఒకప్పుడు బార్సిలోనా క్లబ్బులో సహాయ కోచిగా చేసినవాడు. మామయ్యగారు కూడా ఈ మధ్యలో వెళ్ళిపోవలసింది. ఆగస్టు నెలకు టిక్కెట్టు కూడా అయింది. మనవడు అడ్డం పడ్డాడు. "సెప్టెంబరులో ఆట ఉంది తాతయ్యా, చూసి వెళ్ళు." సరేనని టిక్కెట్టు రద్దు చేయించారు. "ఒక్క ఆట చూసి పోతానమ్మా" అన్నారు నాతో, నేనేదో పట్టుబట్టినట్టు!

క్వార్టర్ ఫైనలు సెప్టెంబరు 14న, కంఠీరవ స్టేడియంలో. అంతకు రెండు రోజుల ముందు, 12వ తేదీన, కావేరి నీళ్ళ తీర్పు మీద బెంగుళూరు భగ్గుమంది. మీకు గుర్తుండే ఉంటుంది. తమిళనాడు నంబరున్న బస్సులు పదుల్లో తగలబెట్టారు. పదహారు పోలీసు స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ పెట్టారు. బళ్ళు మధ్యాహ్నమే వదిలేశారు. మావారు ఆఫీసు నుంచి మూడు కిలోమీటర్లు నడుచుకుంటూ ఇంటికొచ్చారు. మా పై అంతస్తులో ఉండే తమిళ దంపతులు కారు నంబరు పలక మీద పాత దుప్పటి కప్పి, సందు చివర మా కారు వెనకాల పెట్టుకున్నారు. మా కారుది ఆంధ్రా నంబరు. "మనకేం భయం లేదులే" అన్నారు మావారు. కాని ఆయన కూడా రెండుసార్లు బాల్కనీలోకి వెళ్ళి కిందికి చూశారు.

ఇంకో మాట చెప్పాలి. కావేరి కోసం ఊరు అట్టుడికిపోతున్న ఆ రోజున, మా అపార్ట్‌మెంటు కుళాయిలో కావేరి చుక్క పడి ఎరగం. మాలాంటి శివారు గ్రామాలకు ఆ గొట్టాలే రాలేదు. ట్యాంకరే గతి. ఆ రోజు ట్యాంకరు కూడా రాలేదు. రెండు బిందెల నీళ్ళు పై వాటా వాళ్ళకిచ్చి, వాళ్ళ దగ్గర పాల ప్యాకెట్టు తెచ్చుకున్నాను. (కావేరి అయిదో దశ పథకం ఈ నూటపది గ్రామాల కోసం మొదలైంది 2024 అక్టోబరులో.)

ఆ రాత్రి భోజనాల దగ్గర మావాడు అడిగాడు. "అమ్మా, 'నమ్మ బెంగళూరు' అంటారు కదా, అందులో ఆ అంకులు వాళ్ళున్నారా, లేరా?" పైవాళ్ళ గురించి. ఎవరమూ జవాబు చెప్పలేదు. మామయ్యగారు మజ్జిగన్నం కలుపుకుంటూ ఉండిపోయారు. నమ్మ అంటే మనా, మాయా? కన్నడంలో ఆ తేడా లేకపోవడం అంతవరకూ నాకు సౌకర్యంగానే ఉండేది, ఎవరికి కావలసినట్టు వారు అనుకోవచ్చని. ఆ రోజు మాత్రం కాస్త భయం వేసింది.

14వ తేదీ ఆటకు పిల్లవాణ్ణి పంపనని నేను ఖాయంగా చెప్పేశాను. వాడు ఏడ్చి ముఖం వాచేలా చేసుకున్నాడు. ఆట మాత్రం జరిగింది. సింగపూరు క్లబ్బు టాంపినీస్ రోవర్స్, అంతకు ముందు రౌండులో కలకత్తా మోహన్ బగాన్‌ను ఇంటికి పంపినవాళ్ళు, కంఠీరవలో ఆడి 1-0తో ఓడారు. గోలు కొట్టింది సి.కె. వినీత్, కేరళ కుర్రాడు. వారం తర్వాత సింగపూరులో 0-0. సెమీ ఫైనలు. ఎదురుగా ఎవరయ్యా అంటే మళ్ళీ జొహోర్. సెప్టెంబరు 28న వాళ్ళ గడ్డ మీద 1-1. మన తరఫున కొట్టినవాడు యూజిన్‌సన్ లింగ్డో, మేఘాలయ అబ్బాయి.

టీము పట్టీ చూసి మామయ్యగారికి ఒకటే ఆశ్చర్యం. గోలుకీపరు అమరీందర్ పంజాబు. రెండో కీపరు రాల్టే మిజోరం. రీనో ఆంటో కేరళ. ఉదంత మణిపూర్. జాన్సన్ ఇంగ్లండు, జువానన్, రూబియో స్పెయిన్, వాట్సన్ ఆస్ట్రేలియా. కెప్టెన్ సికింద్రాబాదులో పుట్టిన నేపాలీ కుటుంబపు అబ్బాయి. "ఒరే, బెంగుళూరు టీములో బెంగుళూరు వాడేడిరా?" అన్నారు. "మన అపార్ట్‌మెంటులో ఎంతమంది ఉన్నారు తాతయ్యా?" అన్నాడు మావాడు. ఆ మాటకు మామయ్యగారు నవ్వారు. అత్తయ్య పోయాక ఆయన పైకి నవ్వడం నేను అదే చూడటం.

రెండో సెమీఫైనలు అక్టోబరు 19, బుధవారం సాయంత్రం. ఈసారి నలుగురం బయల్దేరాం. బెళ్ళందూరు నుంచి కంఠీరవ పదిహేను కిలోమీటర్లు. ఓలా కారులో మారతహళ్ళి మీదుగా, పాత ఎయిర్‌పోర్టు రోడ్డు పట్టుకుని, దొమ్లూరు, ట్రినిటీ సర్కిలు దాటి కస్తూర్బా రోడ్డు చేరేసరికి రెండు గంటలు పట్టింది. డబ్బాలో పులిహోర తెచ్చాను గనక సరిపోయింది, లోపలికి రానివ్వరని గేటు బయటే నిలబడి తినేశాం. మామయ్యగారు మెట్లు ఎక్కలేక ఎక్కలేక ఎక్కి, సిమెంటు గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. ఎదురుగా పడమటి వైపు స్టాండు అంతా నీలం. వెస్ట్ బ్లాక్ బ్లూస్ అంటారట వాళ్ళను. ఆట మొదలవక ముందు నుంచి అయిపోయేదాకా నిలబడే ఉంటారు, పాడుతూనే ఉంటారు, డప్పులు ఆగవు. "ఏ భాషమ్మా అది?" అని అడిగారు. నాకు ఇంగ్లీషు వినిపించింది, కన్నడం వినిపించింది, మధ్యలో మళయాళం కూడా. "అన్నీనండీ" అన్నాను.

పదకొండో నిమిషంలో జొహోర్ కెప్టెన్ సఫీక్ రహీం గోలు కొట్టేశాడు. స్టేడియమంతా నీరుగారిపోయింది. "పేరులోనే ఉంది రహీం" అని నిట్టూర్చారు మామయ్యగారు. అక్కడి నుంచి లెక్కలు మొదలు. మావాడు వేళ్ళు మడుస్తూ చెబుతున్నాడు. అక్కడ 1-1 కాబట్టి, ఇక్కడ ఒకటి కొడితే అదనపు సమయం, రెండు కొడితే మనదే. 41వ నిమిషంలో ఛేత్రి ఒకటి తిరిగిచ్చాడు. విరామంలో ఎవరూ కదల్లేదు. 67వ నిమిషంలో అదే ఛేత్రి పెనాల్టీ గీత బయటి నుంచే తన్నాడు. నాకు ఆట అర్థం కాదు గాని ఆ బంతి పోయిన తీరు అర్థమైంది. పక్కనెవరో తెలియనివాడు మావారిని కావలించుకున్నాడు. మామయ్యగారు లేచి నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులని బాత్‌రూముకు కూడా గోడ పట్టుకుని నడిచే మనిషి! 75లో జువానన్ మూడోది కొట్టాడు. ఇక చివరి పావుగంట ఆయన కూర్చోలేదు. చేతిలో తువ్వాలు తిప్పుతూ, "వదలకండ్రా! మనవాళ్ళు వదలకూడదు!" అని ఒకటే కేకలు, అచ్చతెలుగులో. ముందు వరసలో కుర్రాళ్ళు వెనక్కి తిరిగి ఆయనకు చప్పట్లు కొట్టారు.

3-1. రెండు ఆటలూ కలిపి 4-2. ఏ.ఎఫ్.సి. కప్పు ఫైనలుకు చేరిన మొదటి భారతీయ క్లబ్బు. అంతకు ముందు 2008లో గోవా డెంపో, 2013లో ఈస్ట్ బెంగాల్ సెమీస్ దాకా వచ్చి ఆగిపోయాయి.

మావాడు ఆ కేకల్లో "మనవాళ్ళు" అన్నది విన్నాడో లేదో నాకు తెలియదు. నేను విన్నాను. వచ్చేటప్పుడు కారులో ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఆయన మళ్ళీ సర్దుకుంటారని.

ఫైనలు నవంబరు 5న, ఖతార్ రాజధాని దోహాలో. ప్రత్యర్థి ఇరాక్ ఎయిర్ ఫోర్స్ క్లబ్బు. 1931 నాటి పాత క్లబ్బు. వాళ్ళ దేశంలో పరిస్థితుల వల్ల అక్కడ అంతర్జాతీయ పోటీలు జరపనివ్వడం లేదు గనక, ఆ ఏడాదంతా సొంత ఆటలు దోహాలోనే ఆడారు. ఫైనలు వాళ్ళ వంతు మైదానంలో కాబట్టి దోహా వచ్చింది. అంటే పేరుకు వాళ్ళ ఊరి ఆట, తీరా చూస్తే వాళ్ళ ఊరే కాదు. పైగా దోహాలో ఉన్న మన ఉద్యోగులు బోలెడుమంది నీలం చొక్కాలతో వచ్చి కూర్చున్నారు. "ఇంతకీ ఎవరిదిరా సొంత మైదానం?" అన్నారు మామయ్యగారు.

ఆ శనివారం రాత్రి మా క్లబ్‌హౌసులో ప్రొజెక్టరు పెట్టించారు పిల్లలు. తొమ్మిదిన్నరకు ఆట. పై వాటా తమిళ దంపతులు పెద్ద గిన్నెడు సుండల్ చేసి తెచ్చారు. పాలుపోసే ఇంటి రెడ్డిగారి అబ్బాయి కూడా వచ్చాడు. మన కీపరు అమరీందర్‌కు పసుపు కార్డుల వల్ల ఆ ఆట ఆడే వీలు లేకపోయింది. రాల్టే నిలబడ్డాడు. చక్కగానే ఆపాడు, చాలాసేపు. 70వ నిమిషంలో హమ్మాది అహ్మద్ కొట్టేశాడు. ఆ పోటీ మొత్తంలో పదహారు గోళ్ళు కొట్టిన మనిషి, పదహారోది మనకు మిగిల్చుకున్నాడు. 1-0. అంతే.

పిల్లలు ఏడ్చారు. మావాడు చొక్కాలో ముఖం పెట్టుకున్నాడు. మామయ్యగారు వాడి పక్కన కూర్చుని ఊరుకోబెట్టలేదు, ఏమీ అనలేదు కూడా. తెర మీద ఇరాక్ ఆటగాళ్ళు కప్పు పట్టుకుని ఏడుస్తున్నారు. ఇరాక్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి క్లబ్బు వాళ్ళే. "పాపం, వీళ్ళు ఇంటికెళ్ళి ఆడి ఎన్నాళ్ళయిందో" అన్నారు చివరికి.

మాట ప్రకారం మర్నాడు రాత్రి రైలెక్కించాం ఆయన్ని, అదే పెట్టెతో. 7న గుంటూరు చేరారు, 8వ తేదీ రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి! తొంభై రోజులకని తీసుకెళ్ళిన డబ్బంతా అయిదువందల కాగితాలే. బ్యాంకు వరసలో మూడు రోజులు నిలబడ్డారు. మావారు వెళ్ళి తీసుకొస్తానంటే వద్దన్నారు. వరసలో ఎవరో ఫుట్‌బాలు ఎరిగిన పాతకాలపు మాస్టారు దొరికారట, ఛేత్రి గోలు ఆయనకు వర్ణించి చెప్పారట. డిసెంబరులో ఇల్లు అద్దెకిచ్చి, ఆయనే ఫోను చేశారు. "జనవరిలో లీగు మొదలవుతుందటగా. మనవాడికి చెప్పు." మనవాడంటే మనవడో, ఛేత్రో, నేనడగలేదు.

ఈసారి పెట్టెలు రెండు వచ్చాయి. రెండోదాంట్లో అత్తయ్య ఫోటో ఉంది.

నాలుగేళ్ళు మా దగ్గరే ఉండి 2021 మొదట్లో వెళ్ళిపోయారు. ఏ.ఎఫ్.సి. కప్పు కూడా 2024తో ఆగి, వేరే పేరున సాగుతోంది. ఛేత్రి 2024 జూన్ 6న కలకత్తాలో కువైట్ మీద ఆడి దేశపు టీముకు సెలవు చెప్పాడు, మళ్ళీ 2025 మార్చిలో పిలిస్తే వచ్చాడు. మావాడు ఇంజనీరింగు చదువుతూ వేరే ఊళ్ళో ఉన్నాడు. అక్కడ వాడిని బెంగుళూరు వాడంటారట. వాడు కాదనడు.

వాళ్ళిద్దరి సంగతుల్లో నాకు బాగా గుర్తున్నది ఇంకొకటుంది. 2018 డిసెంబరు 9 అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటకు లేచి చూస్తే హాల్లో దీపం. తాతా మనవడూ దుప్పట్లు కప్పుకుని టీవీ ముందున్నారు. కోపా లిబెర్టడోరెస్ ఫైనలట. రివర్ ప్లేటు, బోకా జూనియర్స్, రెండూ అర్జెంటీనాలో బ్యూనస్ ఐర్స్ క్లబ్బులే, నూరేళ్ళ పైబడిన వైరం. మొదటి ఆట 2-2. రెండో ఆట రోజు బోకా వాళ్ళ బస్సు మీద రాళ్ళు పడి, ఆటగాళ్ళకు దెబ్బలు తగిలి, చివరికి ఆ ఆటను సముద్రం దాటించి స్పెయిన్‌లో, మాడ్రిడ్‌లో పెట్టారు. ఆ కప్పు పేరుకు అర్థం విమోచకులని. స్పెయిన్ పాలన నుంచి తమ దేశాలను విడిపించిన వీరుల పేరన పెట్టిన కప్పు! దాని ఫైనలు ఆ స్పెయిన్ రాజధానిలోనే.

మావాడు ఇదంతా చెబుతుంటే మామయ్యగారు వింటున్నారు. బస్సు మీద రాళ్ళ మాట దగ్గర ఆపి, "ఒకే ఊరివాళ్ళా?" అని అడిగారు. "ఒకే ఊరు తాతయ్యా." "ఒకే భాషా?" "ఒకటే." ఆయన తల పంకించి, "మరి వాళ్ళ ఊళ్ళో వాళ్ళనే ఆడనివ్వలేదా?" అన్నారు.

ఆట అదనపు సమయం దాకా పోయింది. రివర్ ప్లేటు 3-1తో గెలిచింది. అయ్యేసరికి మూడు దాటింది. మర్నాడు బడి ఉందిరా అని నేను అరుస్తుంటే, మామయ్యగారు "ఎట్లాగూ లేచావు కదమ్మా, కాసిని కాఫీలు పెట్టు, నువ్వూ తెచ్చుకో" అన్నారు.